నంబరు ప్లేటుకు బొట్టు

అనకాపల్లిలో ఆటోలు వాటంతటవే నడవడం మొదలై చాలా ఏళ్లయింది. నంబరు ప్లేటును రోడ్డు చదవగలిగితేనే బండి కదిలేది. నూకరత్నం మాత్రం తన ఇంటికి కూడు పెట్టే ఆటో కదా అని రోజూ పొద్దున్నే ఆ ప్లేటుకు పసుపు రాసి బొట్టు పెట్టేది, సాయంత్రం కొబ్బరిపీచుతో తోమేది. తోమగా తోమగా అంకెలు అరిగిపోయి, ఇవాళ ఆటో ప్రయాణికులతో సహా నడిరోడ్డు మీద ఆగిపోయింది.

ప్లేట్లు మార్చే సింహాద్రి దాన్ని తన షాపుకు తోయించుకొచ్చి కొత్త ప్లేటు బిగించి, సొంత అక్కకు చెప్పినట్టు చెప్పాడు.

"అప్పా, దీనికింక పసుపూ కుంకం రాయకండి. మళ్లీ అరిగితే పర్మిట్టు పోతాది."

"అలాగేలే నాయనా" అంటూ ఆమె ఎక్కి కూర్చుంది. ఆటో కదల్లేదు.

సింహాద్రి ముందూ వెనకా చూశాడు. లోపమేమీ కనబడలేదు.

"ఇన్నేళ్లూ బొట్టెట్టాకే బయల్దేరదీసేరు కదప్పా. దానికదే అలవాటైపోనాది."

నూకరత్నం ఉసూరుమంటూ దిగి, కుంకుమభరిణె తీసింది. ప్లేటుకు అంటకుండా, బిగించిన స్క్రూ నెత్తిన చిన్న బొట్టు పెట్టింది. ఆటో కాసేపు ఆలోచించుకుని బయల్దేరింది. షాపు గేటు దాటకుండానే మళ్లీ ఆగింది.

"ఇంకేటే నీకు?" అని కసిరిందామె.

సింహాద్రి నవ్వాపుకుంటూ అడిగాడు. "బండికి కొత్త సామానేసినప్పుడల్లా చక్రాల కింద ఏటెడతారప్పా?"

నూకరత్నం నాలిక కరుచుకుని పక్క కొట్టుకు పరుగెత్తింది.

"మూడు నిమ్మకాయలియ్యి బాబూ, బండి అలిగింది!"