ఫహద్ ఉడుము

“దీని పెట్టెలో ఇసుక పోసిందెవరు?” ఎక్స్‌రే చూస్తూ అడిగింది డాక్టర్ జమున.

బల్ల మీద ఉడుము పొట్ట ఉబ్బిపోయి, కళ్ళు మూసుకుని పడి ఉంది. డ్రైవరు ఎలియేజరు దాని తోక పట్టుకుని నిలబడ్డాడు.

“నేనేనండి. మట్టికి పురుగు పట్టిందండి. ఇసకైతే శుభ్రంగా ఉంటాదని సఖీర్ ఎడారి నుంచి ఓ బస్తా తెచ్చి పోశాను. ఎడారి జంతువే కదా అనుకున్నాను.”

“కాదు. గడ్డినేలల్లో బొరియ తవ్వుకుని బతికేది. మేత ఏం పెడుతున్నారు?”

“కైమా అండి. గుడ్డు కలిపి ముద్దలు చేసి పెడతాను.”

“ఆ ముద్దలకి అంటుకున్న ఇసకంతా మింగేసింది. పేగుల నిండా అదే. మీ ఓనరుకి ఫోన్ చేయండి. ఆపరేషన్ చేయాల్సి వస్తే వాళ్ళు ఒప్పుకోవాలి.”

“వద్దండి!” ఎలియేజరు గొంతు పెద్దదైంది. హూరాలోని ఆ చిన్న క్లినిక్‌లో పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒకావిడ తలెత్తి చూసింది. అతను గొంతు తగ్గించాడు. “గోళ్ళు తీయించుకొస్తానని మేడంకి చెప్పి తెచ్చానండి. ఇది వాళ్ళబ్బాయి ఫహద్ బాబుది. కారు యాక్సిడెంట్‌లో పోయాడు. మేడం రోజూ కాఫీ తాగేది దీని దగ్గర కూర్చునే. ఇదీ పోయిందంటే ఆవిడ బతకదు.”

జమున సిరంజిలోకి మందు ఎక్కించింది.

“బాబుకి డ్రైవింగ్ నేర్పింది నేనేనండి,” అన్నాడు ఎలియేజరు.

జమున ఉడుముకి సూది మందిచ్చి, తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోయించింది. “తల మునగనివ్వకండి. పొట్ట మీద పైనుంచి తోక వైపుకి మెల్లగా నిమురుతూ ఉండండి. గట్టిగా నొక్కితే పేగు చిట్లుతుంది.”

అతను చొక్కా చేతులు మడిచి తొట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నీళ్ళు చల్లారినప్పుడల్లా మార్చాడు. మధ్యలో మేడం ఫోన్ చేసింది, ఎత్తలేదు. నడుం పట్టేసింది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నాడో, ఉడుమును బతిమాలుతున్నాడో తెలియలేదు.

ఉన్నట్టుండి ఉడుము తోక లేచింది. తొట్టి నీళ్ళు మురికిగా మారాయి. అడుగున ఇసుక పేరుకుంది. కంపుకి ముక్కు మూసుకోవలసిన ఎలియేజరు పెద్దగా నవ్వాడు.

“గండం గడిచినట్టే,” అంది జమున. “ఇసుక మొత్తం తీసేయండి. తవ్వుకోవడానికి వీలుగా లోతుగా మెత్తటి మట్టి పోయండి. వేడి దీపం ఆర్పొద్దు, ఒళ్ళు వేడెక్కకపోతే దానికి తిన్నది అరగదు. నేను చెప్పేదాకా మేత వద్దు. ఆ తర్వాత కూడా కైమా కాదు, మిడతలు, పురుగులు. అదీ పళ్ళెంలో.”

ఈసా టౌన్‌లో ఇంటికి చేరేసరికి మేడం హాల్లోనే ఉంది. దారి పొడుగునా అల్లుకున్న అబద్ధం ఆవిడ ముఖం చూడగానే ఎలియేజరు నోటికి రాలేదు. ఉడుమున్న బుట్ట కింద పెట్టి, వచ్చిన అరబీలో ఉన్నదంతా చెప్పేశాడు.

“తప్పు నాదే మేడం. ఫహద్ బాబు ఉడుమును నా చేతులతో చంపబోయాను. పనిలోంచి తీసేసి మా ఊరికి పంపేసినా సరే.”

మేడం బుట్ట మూత తీసి చూసింది. ఉడుము నాలుక బయటపెట్టి ఆడించింది. ఆవిడ మూత వేసి, ఎదురుగా ఉన్న సోఫా చూపించింది. ఇన్నేళ్ళలో ఎలియేజరు ఆ సోఫా మీద ఎప్పుడూ కూర్చోలేదు. అంచున కూర్చున్నాడు.

“పోయినేడు నువ్వు సెలవు మీద మీ ఊరెళ్ళావు చూడు,” అంది మేడం, “అప్పుడే చచ్చిపోయింది ఫహద్‌ది. తిరిగొచ్చి చూస్తే నువ్వు తట్టుకోలేవని, ఇంకోటి తెప్పించి పెట్టాను.”