రాళ్ల చప్పుడు

పొద్దున చెప్పు కూడా తడవకుండా దాటిన వాగు అది. అప్పుడంతా ఎండు ఇసుకే. మధ్యాహ్నం రెండింటికి వచ్చేసరికి కాఫీ డికాషన్ రంగు నీళ్లతో ఉరుకుతోంది.

నెత్తిన మాత్రం ఎండ మాడ్చేస్తోంది. వానంతా వెనక కొండ మీదే కురిసింది.

మారిసెలా నిలబడలేకపోతోంది, కూర్చోలేకపోతోంది. పాలు చేపుకొచ్చి చొక్కా ముందంతా తడిసిపోయింది. ఎనిమిది నెలల పిల్లాడు పక్కింటి ఎల్వా దగ్గరున్నాడు. నాలుగింటికల్లా ఎల్వా ఆసుపత్రి డ్యూటీలో ఉండాలి. వాగు దాటి, మైలు దూరాన వదిలిన కారెక్కినా టూసాన్‌లో ఇల్లు చేరడానికి గంట.

"వానల నెలల్లో పన్నెండింటికల్లా కొండ దిగిపోవాలని ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు," అంది మొగుడితో.

"పడుకుందెవరో?" అన్నాడు రొహేలియో.

అదీ నిజమే. పైన ఓక్ చెట్టు నీడలో ఐదు నిమిషాలు నడుం వాలుస్తానని రెండు గంటలు ఒళ్లెరక్కుండా నిద్రపోయింది. బిడ్డ పుట్టాక అదే తొలి నిద్ర. లేపడానికి అతనికి మనసొప్పలేదు.

"మోకాలి లోతే ఉంది. చెయ్యి పట్టుకో," అంటూ నీళ్లలో కాలు పెట్టాడు.

అవతలి గట్టు మీంచి హారన్ మోగింది, చెవులు చిల్లులు పడేలా.

అక్కడో పాత ట్రక్కు, దారికి అడ్డంగా, ముళ్లకంపలోకి ముక్కు దూర్చి ఆగి ఉంది. పక్కనే నేల మీద ఒంటి బూటు. కిటికీలోంచి ఓ ముసలాయన తల బయట పెట్టాడు. గడ్డి టోపీ, నెరిసిన మీసం. ఆ కొండ వారన ఆవుల్ని మేపుకునే మనిషిలా ఉన్నాడు.

"ఒరే అబ్బాయ్! ఆ కాలితో నీకింక పని లేదా?"

"మోకాలి లోతేగా పెద్దాయనా!"

"లోతు కాదురా, చప్పుడు విను!"

విన్నారు. నీళ్ల హోరు అడుగున డబ్... డబ్... తలకాయంతేసి రాళ్లు దొర్లుతున్నాయి.

"ఆ రాళ్లకి మోకాళ్లంటే మహా ఇష్టం. చప్పుడు ఆగేదాకా ఎవరూ దిగొద్దు. మా బావకీ నీలాగే తొందర. మంచోడు, పాపం."

రొహేలియో కాలు వెనక్కి తీసుకున్నాడు.

"తాతా!" మారిసెలా గొంతు చించుకుంది. "ఇక్కడ ఫోన్ అందటం లేదు. రోడ్డు మీదకెళ్లి మా పక్కింటావిడకి కబురు చెప్పవా? చంటిపిల్లాడున్నాడు!"

"నా బండి మొండికేసింది తల్లీ. టైమెంతైంది?"

"రెండు!"

తల లోపలికి పోయింది. చేతిలో పెన్ను మెరిసింది.

"లాటరీ టికెట్ నింపుకుంటున్నాడు," అన్నాడు రొహేలియో. "బండి ఎలా ఆపాడో చూడు. పట్టపగలే మందు పుచ్చుకున్నాడు."

వెనక కొండ మీద ఇంకో మబ్బు లేచింది. మళ్లీ వాన పడితే సాయంత్రం దాకా ఈ గట్టు మీదే. మారిసెలా అటు పదడుగులు, ఇటు పదడుగులు వేస్తోంది. కాళ్ల కింద ఇసుక కాలిపోతోంది.

"ఏదన్నా మాట్లాడుతుండండి!" అని అరిచాడు ముసలాయన. "నిద్ర ముంచుకొస్తోంది. మీలో గేరు బండి తోలడం ఎవరికన్నా వచ్చా? ఈ కాలపోళ్లకి ఆక్సిలరేటర్ తొక్కడం తప్ప ఏం రాదు."

"నాకొచ్చు! మా నాన్న డొక్కు బండి మీద నేర్చుకున్నా!"

"అయితే నువ్వు బతికుండాలి. కదలకు. టైమెంత?"

"రెండున్నర!"

మళ్లీ తల లోపలికి.

నీళ్లు జానెడు తగ్గాయి. కొడుకు ఏడుపు ఇక్కడికే వినిపిస్తున్నట్టుంది మారిసెలాకి. ఇక ఆగలేక దిగేసింది. హారన్ ఈసారి ఆగకుండా మోగింది, ఆమె వెనక్కి వచ్చేదాకా.

"ఇంకా రెండు రాళ్లు మోగుతున్నాయే... లెక్కపెట్టు..." నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది గొంతు.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. "నీకేం తాతా! నీడలో కూర్చుని ఎన్నయినా చెబుతావ్! ఫోన్ చెయ్యమంటే కదలవు! అక్కడ నా బిడ్డ ఆకలికి ఏడుస్తుంటాడు!"

ముసలాయన టోపీతో మొహం తుడుచుకున్నాడు.

"ఓ గంట ఏడిస్తే వాడి గొంతు బాగుపడుద్ది తల్లీ. నువ్వు కొట్టుకుపోతే బతుకంతా ఏడుస్తాడు." మళ్లీ పెన్ను తీశాడు. "టైమెంత?"

"మూడు!" అని కరిచినట్టు చెప్పింది.

ఉన్నట్టుండి వాగు గొంతు మారింది. హోరు ఉంది, దాని అడుగున చప్పుడు లేదు. రొహేలియో చెవి రిక్కించాడు. మారిసెలా ఊపిరి బిగబట్టింది. ఒక్క రాయి కూడా మోగలేదు.

"ఇప్పుడు రా," అన్నాడు ముసలాయన. మాట సగమే వినబడింది. "నువ్వే ముందు రా."

నీళ్లు పిక్కల దాకే ఉన్నాయి. మొగుడు "మెల్లగా" అంటున్నా వినిపించుకోలేదు. ఇంతసేపూ పళ్ల బిగువున ఆపుకున్న తిట్లన్నీ నాలుక చివరికి వచ్చేశాయి. పరుగున గట్టెక్కి, ట్రక్కు తలుపు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

క్లచ్ తొక్కాల్సిన ఎడమ కాలు, బూటు లేకుండా, నల్లగా కమిలి గుమ్మడికాయలా వాచి ఉంది, చీలమండ మీద పాము కోరల గాట్లు రెండు, అక్కణ్ణుంచి మోకాలి వైపుకి వాపు పాకినంత మేరా పెన్నుతో గీసిన గీతలు, ఒక్కో గీత పక్కన తను అరిచి చెప్పిన టైము: రెండు, రెండున్నర, మూడు.