గణేష్‌బాబు కిడ్నాప్ వ్యతిరేక పోరాట కమిటీ

"అయ్యగారండీ, మావోడు వచ్చేశాడండీ!"

కొడుకు రెక్క పట్టుకుని తలుపులమ్మ శామియానా వెనక్కి పరుగున వచ్చింది. పోరాట కమిటీ అధ్యక్షుడు జగన్నాథరావు గారు గబుక్కున శామియానా తెర దించేశారు. ముందువైపు మైకులో ఎవరో, "గణేష్‌బాబును ఎత్తుకుపోయిన దుర్మార్గులను ఉరి తీయాలి!" అని అరుస్తున్నారు. కడియం చుట్టుపక్కల జనమంతా అక్కడే ఉన్నారు. ఎన్నికల మీటింగులకు కూడా ఇంతమంది రాలేదు. బజ్జీల బళ్ళు కూడా వెలిశాయి. పైగా మర్నాడు మంత్రిగారి రాక.

"ఇప్పుడెందుకొచ్చావురా?" అన్నారాయన.

"నన్నెవరూ ఎత్తుకుపోలేదండి," అన్నాడు గణేష్‌బాబు. "నర్సరీలో లారీకి మొక్కలు ఎక్కిస్తా, క్రోటన్ల మధ్య కునుకు తీశానండి. చూసుకోకుండా పైన పరదా కట్టేశారు. లేచేసరికి ఒరిస్సా అండి. ఫోన్లో ఛార్జింగ్ లేదు. అదే లారీలో తిరిగొచ్చానండి."

"నీకేం తెలుసురా? మత్తుమందు ఇచ్చారు," అన్నాడు కమిటీ కార్యదర్శి వీరబాబు. "తెల్ల వ్యాను. ముగ్గురు మనుషులు. కళ్ళారా చూశానని నేను టీవీలో చెప్పాను."

"లారీ అండి. పచ్చ లారీ."

"ఎత్తుకుపోయింది నిన్నైతే, నీకెలా కనబడుద్దిరా?"

తలుపులమ్మకు ఒళ్ళు మండింది. "సంకలో పిల్లోణ్ణెట్టుకుని ఊరంతా ఎతికినట్టుందండి మీ యవ్వారం! ఆడు కడుపునిండా అన్నం తిని ఎన్నాళ్ళయిందో. ఇంటికి తీసుకుపోతానండి."

"ఒక్క రోజు ఓపిక పట్టమ్మా," అన్నారు జగన్నాథరావు గారు. "రేపు మంత్రిగారొచ్చి నిన్ను ఓదార్చాలి. పిల్లాడు ఇంట్లో కూర్చుని పులుసన్నం తింటుంటే ఆయన ఓదార్చేదేంటి?"

జగన్నాథరావు గారు కనుసైగ చేశారు. వీరబాబు కుర్రాణ్ణి పక్కనే ఉన్న నర్సరీ ఎరువుల గదిలోకి నెట్టి తాళం వేశాడు.

తలుపులమ్మ స్టేజీ మీదికి ఉరికి మైకు లాక్కుంది. "నా బిడ్డని నాకిచ్చేయండి! ఇదిగో, ఈళ్ళే దాచేశారండి!" అని గుండెలు బాదుకుంది.

"పిచ్చితల్లి! దుఃఖంతో మతి తప్పింది," అని జగన్నాథరావు గారు కళ్ళొత్తుకుని, ఆమెకు నిమ్మరసం తాగించబోయారు. జనం ఘొల్లుమన్నారు. కేబుల్ టీవీ కుర్రాళ్ళు కెమెరాలు పట్టుకుని స్టేజీ ఎక్కేశారు. ఆ తల్లి ఎంత నిజం చెబితే అంత గట్టిగా ఏడ్చారు జనమంతా.

ఎరువుల గదిలో గణేష్‌బాబు ఎలాగో ప్లగ్గు వెతికి, జేబులోని ఛార్జరు గుచ్చి, ఫోను బతికించి, పోలీస్ స్టేషన్‌కి కొట్టాడు.

"సార్, నన్ను గదిలో పెట్టి తాళం వేశారండి!"

"పేరు?"

"గణేష్‌బాబు అండి. తలుపులమ్మ గారి అబ్బాయిని."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"నిన్ను తెల్ల వ్యానువాళ్ళు ఎత్తుకుపోయారు కదయ్యా! ముందు వాళ్ళ దగ్గర దొరుకు, ఆ తర్వాత ఈ కేసు పెడుదువుగాని."