మచ్చలేని పాస్‌పోర్టు

జాఫిర్ పాస్‌పోర్టు పోయిన రోజు ఇంట్లో పెట్టెలన్నీ తిరగేశారు. తల్లి పరుపులు కూడా ఎత్తి చూసింది. అన్న ముఫర్రిహ్ బడిలో పాఠాలు చెప్పి వచ్చి, బట్టలు మార్చుకుని, తనూ అందరితోపాటు వెతికాడు. పొద్దున దాన్ని రొట్టెల పొయ్యిలో వేసి, అట్ట బూడిదయ్యేదాకా నిలబడి చూసిన మనిషి అతనే.

అందులో పాకిస్తాన్‌లోని పెషావర్ ముద్రలున్నాయి; అఫ్ఘాన్ శిబిరాలకు పోయే కుర్రాళ్ల దారి అదే. ఈసారి చెచెన్యా యుద్ధానికి పోతానంటున్నాడు జాఫిర్. కిందటేడు వాళ్ల వీధి నుంచి అలా వెళ్లిన కుర్రాళ్లలో ఒకడి చేతి గడియారం మాత్రం తిరిగొచ్చింది.

"నువ్వే తీశావు," అన్నాడు జాఫిర్ భోజనాల దగ్గర.

"తీస్తే?"

"అన్నవి కాబట్టి ఊరుకుంటున్నా."

"ఊరుకోకు, తిట్టు. బతికుండి తిట్టు. నాకదే చాలు."

వారం రోజులు తమ్ముడు మాట్లాడలేదు. తర్వాత ఎవరో స్నేహితుణ్ణి చూసి వస్తానని అభా పట్నం వెళ్లి, సాయంత్రం తిరిగొచ్చి భోజనాల దగ్గర అన్న పక్కన కూర్చున్నాడు.

"అమెరికా పోయి ఇంగ్లిషు నేర్చుకోమన్నావు కదా. ఇంకా ఆ మాట మీదే ఉన్నావా?"

ముఫర్రిహ్ పళ్లెంలో మంచి మాంసం ముక్క చూసి తమ్ముడి వైపు జరిపాడు.

పాత పాస్‌పోర్టు వరదలో కొట్టుకుపోయిందని పాస్‌పోర్టు ఆఫీసులో ముఫర్రిహే ప్రమాణం చేశాడు. పదిహేడేళ్ల పంతులుద్యోగంలో అబద్ధం కింద సంతకం పెట్టడం అదే మొదలు. గుమాస్తా అతని దగ్గర చదువుకున్నవాడే. "మీరు చెప్పాక ఇంకేముంది, ఉస్తాద్," అంటూ ముద్ర వేశాడు.

ట్రావెల్ ఏజెంటు హస్సాన్ వీసా ఫారం ముందుకు తోశాడు. తమ్ముడికి ఇంగ్లిషు రాదు కనుక ముఫర్రిహ్ తన గుండ్రటి అక్షరాలతో నింపసాగాడు.

"వీణ్ణి పిలిచి ప్రశ్నలేమైనా అడుగుతారా?"

"మన సౌదీవాళ్లనెందుకు అడుగుతారు? నేను పంపిస్తా, వాళ్లు వీసా అంటించి పంపిస్తారు. దిగే చోటు?"

జాఫిర్ భుజాలెగరేశాడు.

"హోటల్ అని రాసేయండి, ఉస్తాద్. ఏ హోటలని ఎవడూ అడగడు." హస్సాన్ కొత్త పాస్‌పోర్టు తిరగేసి నవ్వాడు. "ఒక్క మచ్చ లేదు. పెళ్లికూతురిలా ఉంది. దీన్నెవడు కాదంటాడు?"

వెళ్లేముందు జాఫిర్ ఇంటింటికీ తిరిగి, తెలిసీ తెలియక చేసిన తప్పులు మన్నించమని అడిగాడు. దూరం వెళ్లేవాళ్లు అలా అడగడం మామూలే. తల్లి నుదుటిని మూడుసార్లు ముద్దు పెట్టుకున్నాడు.

"ఏడాది చదువే కదరా," అందామె.

విమానాశ్రయంలో అన్నను వాటేసుకుని, "నీ వల్లే వెళ్తున్నా," అన్నాడు. ఆ రాత్రి ముఫర్రిహ్‌కి చాలా నెలల తర్వాత ఒళ్లెరగని నిద్ర పట్టింది.

అతను వెళ్లిన అయిదో నెలలో, అమెరికాలో కొందరు ఒక విమానాన్ని దారి మళ్లించి కూల్చేశారు. ఎక్కినవాళ్లెవరూ మిగల్లేదు. కొన్నాళ్లకు టీవీలో వచ్చిన పేర్లలో జాఫిర్ పేరుంది. ముఫర్రిహ్ ఆ పేరు చదివి, టీవీ తీగ పీకేసి, తల్లి దగ్గరికి వెళ్లి, తమ్ముడు ఆ విమానంలో ఉన్నాడని చెప్పాడు. అంతకు మించి చెప్పలేదు.

పరామర్శకు అనుకున్నంతమంది రాలేదు. వచ్చినవాళ్లు ఆమె ముఖం చూడకుండా యాలకుల కాఫీ తాగి లేచారు.

మూడో రోజు సాయంత్రం తల్లి అతని చెయ్యి పట్టుకుంది.

"యుద్ధం తప్పించావు. రాసిపెట్టింది తప్పించలేకపోయావు. నీ తప్పేం లేదు, నాయనా."

అతను తల దించుకున్నాడు.

"ఆ పని చేసినవాళ్లకూ తల్లులుంటారు కదా. వాళ్లూ నాలాగే ఏడవాలి."

"ఏడుస్తూనే ఉంటారమ్మా."

వాళ్లలో ఒకడు జాఫిరేనని ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు.