పాఠాలు పంపని ఊరు

“నిజం చెప్పు తిమ్మక్కా, మీకు పాఠాలు ఎవరిచ్చినారు?”

ఉమాదేవి గొంతు పెరిగింది. పాలకేంద్రం వరండాలో విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తున్న ఆడవాళ్లంతా చేతులాపి తలెత్తారు.

“మాకెవరిస్తారమ్మా? మీ ఊరికి పాఠాల్లేవని మీరే చెప్తిరి కదా,” అంది తిమ్మమ్మ.

చెప్పిన మాట నిజమే. బడి మొహం చూడని పెద్దవాళ్లు ఇంటి దగ్గరే ఫోన్లో పాఠాలు విని ఎంత నేర్చుకోగలరో తేల్చమని ఉమాదేవి పనిచేసే సంస్థకు ప్రభుత్వం నిధులిచ్చింది. పక్క ఊరికి పాఠాలు పంపారు. తేడా తెలియడానికి ఈ ఊరికి పంపలేదు. ప్రశ్నలు మాత్రం రెండు ఊళ్లకూ ఒకటే. కరెంటు మీటరు ఎలా చూడాలి, మాత్రల అట్ట మీద గడువు ఎక్కడుంటుంది, విరేచనాలైన బిడ్డకు ఏం తాగించాలి... నెలనెలా ఉమాదేవే వచ్చి అడిగేది.

ఈరోజు ఆఖరి పరీక్ష. పాఠాలు లేని ఊరు పాఠాలున్న ఊరిని దాటిపోయింది.

ఎవరో దొంగచాటుగా పాఠాలు అందించారని తేలితే పరిశోధన మొత్తం చెత్తబుట్టలోకే. నిధులు ఆగిపోతాయి. పక్క ఊరి పాఠాలూ ఆగిపోతాయి.

“ఎలిజబెత్ చెల్లెల్ని ఆ పక్క ఊరికే ఇచ్చినారు కదా. ఆ పాప గానీ ఫోన్లో పంపిందా?”

ఎలిజబెత్ చేతిలోని చేటను విసురుగా కింద పెట్టింది.

“నా చెల్లెల్ని ఎందుకు లాగుతారు మేడమ్? మీరొస్తారు, అడుగుతారు. తెల్దు అంటే సరేనని జీపెక్కుతారు. ఇదీ జవాబు అని ఒక్క మాటన్నా చెప్పిపోతారా?”

“చెప్పకూడదు. అది రూలు.”

“రూలు మీకు. మాకు నామోషీ కాదా, ప్రతిసారీ తెల్దు తెల్దు అనేకి?” తిమ్మమ్మ అందుకుంది. “మీటరు చూసేది నేర్పిచ్చేదాకా లైన్‌మన్‌ను నేనే పోనియ్యలేదు. ఈ ఎలిజబెత్ కుందుర్పిలో మందులంగడికి పోయి అడిగినాది. మారెక్కేమో ఆస్పత్రి నర్సమ్మ ఎనకాల పడినాది. ఒకరు తెలుసుకోనొచ్చింది అందరికీ చెప్పుకుంటిమి, ఈడనే, కాయలు ఒలుచుకుంటా.”

ఉమాదేవి చెప్పులు విడిచి వాళ్ల మధ్య కూర్చుంది.

“అనవసరంగా అనుమానపడినానక్కా. ఏమనుకోవద్దండి,” అంది. “ఈరోజుతో పరీక్షలు అయిపోయినాయి. వచ్చే నెల నుంచి మీ ఊరికీ పాఠాలు వస్తాయి. ఇంట్లో కూర్చుని వింటే చాలు. ఎవర్నీ బతిమాలే పని లేదు.”

సంతోషిస్తారనుకుంది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తలలు దగ్గరికి చేర్చి గుసగుసలాడుకున్నారు. చివరికి తిమ్మమ్మ ఒళ్లో పొట్టు దులుపుకుంటూ లేచింది.

“పాఠాలు ఆ ఊరోళ్లకే ఇయ్యండమ్మా. మాకు ఇంకొన్ని ప్రశ్నలు తెచ్చిపెట్టండి, చాలు.”