మొదటి చెయ్యి

రిబ్బను కట్టారు. కొబ్బరికాయ తెచ్చారు. చిన్నమ్మలు కొత్త యంత్రం కీబోర్డు మీద చెయ్యి వెయ్యబోతే మేనేజరు వరహాలరావు అడ్డుకున్నాడు.

"నువ్వు కాదు. మొగుడు పోయినదానివి. మొదటి చెయ్యి మా ఆవిడేస్తాది."

అనంతగిరి కాఫీ రైతుల సంఘానికి 2004లో కొత్తగా వచ్చిన యంత్రం అది. గింజలు ఆరబెడుతుంది. దాన్ని నడపడం నేర్చుకున్నది చిన్నమ్మలు ఒక్కతే. షెడ్డు తాళంచెవి కూడా ఆమె నడుమునే ఉంటుంది.

"మా కొండ మీద ఆ లెక్కల్లేవు బాబూ. ఏటి, మిసనుకి కూడా మొగుడు కావాలా?"

వెనక ఊరి ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు.

"తప్పుకోకపోతే రేపట్నించి ఈ పనిలోకి ఇంకో మనిషొస్తాది," అన్నాడు వరహాలరావు.

"నా మాట లేకుండా అది తిరిగితే, నానే పోతాను."

ఇంజనీరు దేవీప్రసాద్ ఇబ్బందిగా కదిలాడు. "సార్, దీని లోపల చిన్న బోర్డే తప్ప కంప్యూటరంటూ లేదు. పని పేరు కొట్టి, దాని పక్కనే ఏ గింజ, ఎంత వేడి అని కొట్టాలి. ఉత్త పేరు కొడితే పోయినసారి చెప్పిన మాటే పట్టుకుంటుంది. ఇది కొత్తది, పోయినసారంటూ లేదు. అందుకని కదలదు."

"ఏం కొట్టాలో మీరు చెప్పండి, ఆవిడ కొడతాది."

"నాకేటి తెలుస్తాదండీ," అంటూనే మేనేజరు భార్య జయశ్రీ పట్టుచీర సర్దుకుని ముందుకొచ్చింది. దేవీప్రసాద్ చెప్పిన పని పేరు కొట్టింది. కంగారులో వెంటనే మీట నొక్కేసింది.

"మేడమ్, ఇంకా రెండు మాటలు..."

దేవీప్రసాద్ మాట పూర్తికాకుండానే డ్రమ్ము గుర్రుమని తిరిగింది. వేడిగాలి తన్నుకొచ్చింది. ఆ గాలికి యంత్రం కిందనుంచి రెండు కోడి ఈకలు ఎగిరి జయశ్రీ చీర మీద పడ్డాయి. ఆవిడ దులిపేసుకుంది.

అందరూ చప్పట్లు కొట్టారు. చిన్నమ్మలు కూడా కొట్టింది.

"సూశావా, ముత్తైదువ చెయ్యి," అన్నాడు వరహాలరావు. "నీ మాట లేకుండానే తిరిగింది. ఇంక బేగి కదులు."

"నానెందుకు పోతాను?"

చిన్నమ్మలు యంత్రం ముందున్న స్టూలు లాక్కుని కూర్చుంది. ఆడవాళ్లు మళ్లీ నవ్వారు. దేవీప్రసాద్ తెర మీద వెలిగిన గింజ పేరూ వేడీ చూసి, ఆమె వైపు తిరిగాడు.

ముందురోజు పొద్దున కోడిని కోసి, ఊరి ఆడవాళ్లందరి ఎదుటా యంత్రానికి ఆ మాట చెప్పి తిప్పింది ఆమే.