రెండు కార్డులు, ఒక మచ్చ

"ఆ మచ్చ తలలో లేదు మేడమ్. మీ పాత కార్డులో ఉంది," అన్నాడు కంపెనీ ఇంజనీరు.

స్కాన్ గదిలో బల్ల మీద రెండు కంప్యూటర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిలో ఆసుపత్రివాళ్లు ఆరేళ్లుగా వాడుతున్న గ్రాఫిక్స్ కార్డు, రెండోదానిలో ఇంజనీరు అమ్మడానికి తెచ్చిన కొత్తది. స్కాన్‌లో వచ్చిన వందల పొరలను కలిపి తలను నిండు బొమ్మగా చూపించడం ఆ కార్డుల పని. ఇంజనీరు తన వెంట తెచ్చిన ఒక తల స్కాన్‌నే రెండింటికీ ఇచ్చారు. పాతది నలభై సెకన్లు తీసుకుంది. కొత్తది తొమ్మిదింటిలో ముగించింది. సూపరింటెండెంటు చప్పట్లు కొట్టబోయాడు. అంతలో, స్కాన్లు చదివే డాక్టరమ్మ పాత కార్డు బొమ్మలో కుడిచెవికి పైన శనగగింజంత మచ్చను వేలితో చూపించింది. కొత్త కార్డు బొమ్మలో అది లేదు.

కార్డు మెమరీ పాడైతే లేని మచ్చలు పుడతాయని ఇంజనీరు వివరించాడు. ఈ స్కాన్ ఏ జబ్బూ లేని మనిషిదనీ, నమూనాగా చూపించడానికే తీయించిందనీ చెప్పాడు.

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపించినట్టు, దీనికి మంచి తలలో కూడా మచ్చే కనిపిస్తోంది. తప్పు మీది కాదు మేడమ్, దానికి వయసైపోయింది."

తప్పు మీది కాదన్న మాటే ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. పై అంతస్తులో ఒక డ్రాయింగ్ మాస్టారు గుండు గీయించుకుని పడుకుని ఉన్నాడు. రేపు పొద్దున్నే ఆపరేషను. ఆయన తలలో మచ్చ ఉందని రాసిచ్చింది ఈ డాక్టరమ్మే. ఆమె చూసింది ఈ పాత కార్డులోనే.

వెంటనే మాస్టారి స్కాన్ తెరిచి కొత్త కార్డుకు ఇచ్చింది. తొమ్మిది సెకన్లు. తల శుభ్రంగా ఉంది. మచ్చ జాడే లేదు.

ఆపరేషను ఆపమని చెప్పనా అని సూపరింటెండెంటు గొంతు తగ్గించి అడిగాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆపాక మచ్చ నిజమని తేలితే ఆ మనిషికి గడువు మించిపోతుంది. ఆపకుండా ఉండి అది అబద్ధమైతే, బాగున్న తలను తెరిచినవాళ్లవుతారు.

"అరగంట ఇవ్వండి," అందామె.

నమూనా స్కాన్‌ను పాత కార్డుకే మళ్లీ ఇచ్చింది. మచ్చ అక్కడే వచ్చింది. పాడైన మెమరీ ప్రతిసారీ అదే చోట తప్పుతుందన్నాడు ఇంజనీరు. కంప్యూటర్ ఆపి, చల్లారనిచ్చి మళ్లీ చూసింది. అదే మచ్చ. చల్లార్చినంత మాత్రాన ముసలితనం పోదు కదా అన్నాడు. అతని దగ్గర ప్రతిదానికీ జవాబుంది. సూపరింటెండెంటు అప్పటికే ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

డాక్టరమ్మ పాత కంప్యూటర్‌ను వదిలేసి కొత్తదాని వైపు తిరిగింది. నలభై సెకన్ల పనిని ఇది తొమ్మిదింటిలో ఎలా ముగిస్తోందని అడిగింది. ఇంజనీరు గర్వంగానే చెప్పాడు. వేగం కోసం, అవసరంలేని చిన్నచిన్న వివరాలను దాటేస్తుందట.

"అవసరంలేనివని దానికి ఎవరు చెప్పారు?"

ఆ సదుపాయం ఆపేసి చూపించమంది. ఆపితే ఈ కార్డు కొనడంలో అర్థమే లేదని అతను నసిగాడు. ఆపమన్నాడు సూపరింటెండెంటు.

కొత్త కార్డు ఫ్యాను హోరెత్తింది. పది సెకన్లకు పుర్రె తేలింది. ఇరవైకి మెదడు మడతలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. మచ్చ రావాలి, రావాలి అని డాక్టరమ్మ లోలోపల మొక్కుకుంటోంది. ఇరవై ఆరో సెకనుకు బొమ్మ పూర్తయింది.

కుడిచెవికి పైన, శనగగింజంత, మచ్చ.

అన్ని వైపుల నుంచీ తిప్పి చూసింది. రెండు కార్డుల్లోనూ అదే చోటు, అదే పరిమాణం. మాస్టారి స్కాన్‌ కూడా అలాగే పెట్టి చూస్తే, ఆయన మచ్చా రాసిచ్చిన చోటే బయటపడింది. ఆపరేషను అనుకున్న వేళకేనని సూపరింటెండెంటు ఫోనులో చెబుతూ బయటికి నడిచాడు.

డాక్టరమ్మకు పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది. మరుక్షణమే సిగ్గేసింది. ముక్కూ మొహం తెలియని మనిషి తలలో జబ్బు ఉండాలని మొక్కుకుంది తను. మొక్కు తీరింది కూడా.

ఇంజనీరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. బేరం చెడినందుకు కాబోలనుకుని ఆమె మెత్తగానే మాట్లాడింది.

"కార్డు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ స్కాన్ ఎవరిదో మీ ఆఫీసులో కనుక్కోండి. ఇంకా చిన్నదే కాబట్టి తీసేయొచ్చు, భయం లేదు. ఈ రోజే రమ్మనండి. నిద్ర లేవగానే తలనొప్పి వస్తోందేమో అది కూడా అడగండి."

ఇంజనీరు కొత్త కార్డు అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

"నెల నుంచీ వస్తోందక్కా," అన్నాడు.